ఒకే క్రియ

డండీలో వాన పడుతూనే ఎండ కాసిన నవంబరు మధ్యాహ్నం.
ఆసుపత్రి ఐదో అంతస్తు. నా ఉద్యోగం
రెండు నోళ్ళ మధ్య కుర్చీ వేసుక్కూచోవడం.
గంటకింతని ఇస్తారు, బస్సు చార్జీ వేరే.

మంచం మీద పైడిరాజు. గజపతినగరం అవతల ఊరు,
ఇక్కడ ఓ హోటల్లో వంట.
మూకుడు జారి ముంజేతి నిండా నూనె.
నర్సు షోనా అడిగింది: బర్న్ అవుతోందా?

చిన్న మాట. వాళ్ళకి ఒక్కటే.
గిన్నెలో అన్నానికీ కొండ మీద ఎండుగడ్డికీ
సముద్రం ఒడ్డున వీపుకీ గొంతు దిగే విస్కీకీ
తిన్న కేకు కరగడానికి జిమ్ములో పడే పాట్లకీ
ఇక తిరిగి రానని తెంచుకునే చుట్టరికాలకీ
అదే క్రియ, ఏడాది పొడవునా తొడుక్కునే
ఒకే రెయిన్‌కోటులాగా.

నా చేతిలోనేమో తాళాల గుత్తి.
అన్నం మాడుతుంది. దీపం వెలుగుతుంది.
తడి కట్టె రాజుకోదు, ఊరికే పొగచూరుతుంది.
వెంట్రుక కమురుతుంది, పాలు అడుగంటుతాయి,
మాట పడినచోట చురుక్కుమంటుంది.
పక్కవాడు కారు కొంటే కడుపు మండుతుంది గానీ
అది ఆసుపత్రిలో చెప్పుకునేది కాదు.

మండుతోందా, అన్నాను చివరికి.
పైడిరాజు తన చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు.
"సెయ్యి కాలిపోనాదమ్మా. మంటైతే నేదు."

హమ్మయ్య అనుకుని అందించాను.
ఇంగ్లీషులోకి దిగగానే వాక్యం
తన తలని తనే గోడకి కొట్టుకుంది:
బర్న్ అయింది, బర్న్ అవడం లేదు.
షోనా నవ్వుతుందనుకున్నాను.
పెన్నుకి మూత పెట్టి డాక్టరు కోసం వెళ్ళింది.

చర్మం కింద కబురు మోసే తీగలు కూడా పోయాయట.
మంట లేనిచోటే లోతుగా కాలినట్టట.
గుత్తిలో ఏ తాళమూ దానికి పట్టలేదు.
"బాబూ, నొప్పి లేకపోవడం మంచిది కాదంటున్నారు."
"ఇదేటి ఇడ్డూరమమ్మా" అన్నాడు.
అది మాత్రం నేను ఎవరికీ అనువదించలేదు.

తొడ మీది తోలు తీసి చేతికి అతికారు.
మార్చిలో క్లినిక్‌కి వచ్చినప్పుడు
అతనికో అనుమానం. అద్దెకిచ్చిన ముసలమ్మ
రోజూ గుమ్మంలో నిలబడి చెప్తోందట:
సీకట్లో వస్తావు, బర్న్‌లో పడిపోకు నాయనా అని.
"పడ్డాక సెప్తాదేటండి?"

షోనా పగలబడి నవ్వింది. స్కాట్లండులో
వాగుని అలాగే అంటారట. ఆవిడ ఇంటి వెనక ఒకటి పారుతుంది,
మోకాలి లోతు, గోధుమరంగు నీళ్ళు, చలికి పళ్ళు టకటకలాడతాయి.
నేనిక్కడికొచ్చి పదకొండేళ్ళు.
ఆ మాట కింద నీళ్ళున్నాయని
వంటవాడు అడిగితే తెలిసింది.

కిటికీలోంచి దూరాన కొండల మీద పొగ.
ముదిరిన పొదలు తగలబెడుతున్నారు, లేత చిగుళ్ళు రావాలని.
దానికీ అదే క్రియ.
షోనా పత్తితో అతని చేతిని ఒత్తుతూ పోతోంది,
ఇక్కడ? ఇక్కడ?
మణికట్టు దగ్గర పైడిరాజు ఉలిక్కిపడ్డాడు.
"అమ్మా! మండతంది!"
నేను నోరు తెరిచేలోపే ఆవిడ చప్పట్లు కొట్టింది.
అతను మా ఇద్దరి మొహాలూ చూసి
వీళ్ళకి మతి పోయిందనుకున్నాడు, ఖాయంగా.

గంటల కాగితం మీద సంతకం తీసుకుని
నలభై నిమిషాలు బస్సు కోసం నిలబడ్డాను.
ఇంట్లో సింకులో పొద్దుటి పాలగిన్నె,
అడుగంతా నల్లగా, కమురు వాసన.
ఏ మాటా వెతకలేదు.
పంపు తిప్పి, నిండేదాకా అక్కడే నిలబడ్డాను.